జనరేటరు పొగలో కానరాని విషం

(కోకాపేటలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో సంఘం చేసిన పనుల చిట్టా చదువుకోవడం మన ఆనవాయితీ. ఎందరు పిల్లలకు ఫీజులు కట్టాం, ఎందరు వితంతువులకు నెలనెలా సరుకులు పంపాం, ఎన్ని పేద నికాహ్‌లకు గిన్నెలు, దేగులు, షామియానా ఉచితంగా ఇచ్చాం అన్నది కార్యదర్శి గారు ఇప్పుడే చదివారు. అందులో లేని పద్దు ఒకటుంది. అది మేము చేసిన పొరపాటు. మంచి పని చెప్పుకోవడానికి పదిమంది ముందుకొస్తారు, పొరపాటు చెప్పుకోవడానికి ఒక్కరూ రారు. కానీ ఈ పొరపాటు చెప్పుకోకపోతే రేపు ఇంకొకరి ఇంట్లో జరుగుతుంది. అందుకే మనవి చేస్తున్నాము.

2023 వానాకాలంలో మన సభ్యుల ఇంట్లోనే ఒక నికాహ్. పెళ్లికూతురి తండ్రి తాపీ మేస్త్రీ. పెద్ద ఫంక్షన్ హాలుకు తాహతు లేక ఇంటి ముందే షామియానా వేసుకున్నారు. సంఘం తరఫున సామానుతో పాటు మన చిన్న పెట్రోలు జనరేటరు కూడా పంపించాము. సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. జనరేటరు తడిసిపోతుందని మేమే నలుగురం పట్టి వెనక వరండాలో పెట్టాము. జల్లు కొట్టకుండా టార్పాలిన్ అడ్డం కట్టాము. దీపాలు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. "శాభాష్" అన్నారు పెద్దలు. ఆ వరండాకు ఆనుకుని ఉన్నదే ఆడవాళ్లు కూర్చున్న గది.

అరగంట గడిచిందో లేదో, లోపల ఒకరికి తలనొప్పి అన్నారు. ఇంకొకరికి కడుపులో తిప్పుతోందన్నారు. జనం ఎక్కువయ్యారు, గాలాడటం లేదు, పొద్దుటినుంచీ ఏమీ తినలేదు అని అందరం సర్ది చెప్పుకున్నాము. పెళ్లికూతురి నానీకి వాంతి అయింది. ఏడో నెల గర్భిణి అయిన పెళ్లికూతురి అక్క కూర్చున్నచోటే ఒరిగిపోయింది. కరోనా రోజుల్లో కొన్న వేలికి తగిలించే ఆక్సీమీటరు మాలో ఒకరి ఇంట్లో ఉంటే పరుగున తెచ్చి పెట్టి చూశాము. 98 చూపించింది. "ఆక్సిజన్ బాగానే ఉంది, గ్యాస్ పట్టి ఉంటుంది, సోడా తాగించండి" అన్నాము. అలా అన్నది మేమే. ఆ మాటకు పది నిమిషాలు పోయాయి.

బంధువుల్లో నర్సు పని చేసే అమ్మాయి ఒకతె ఉంది. భోజనాల దగ్గర నుంచి లోపలికి వచ్చి, ఒక్క క్షణం చూసి, "ఒక గదిలో ఇంతమందికి ఒకేసారి తలనొప్పి ఎలా వస్తుంది? ముందు ఆ జనరేటరు ఆపండి, అందరినీ బయటికి తీయండి" అని కేక వేసింది. చీకట్లో, వానలో, చిన్నపిల్లలతో సహా అందరినీ వీధిలోకి తెచ్చాము. ఇద్దరిని ఆసుపత్రికి తీసుకెళ్తే గంటల తరబడి ఆక్సిజన్ పెట్టారు. అల్‌హమ్దులిల్లాహ్, అందరూ బతికారు. బిడ్డ క్షేమంగా పుట్టాడు. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే నికాహ్ ఇంట్లో జనాజా లేచేది. ఆ రాత్రి నుంచి మా కార్యవర్గంలో ఎవరికీ నిద్ర సరిగా పట్టలేదు. అసలు జరిగింది ఏమిటి, ఎందుకు జరిగింది అని డాక్టర్లను అడిగి, ఇంజనీర్లను అడిగి, చదివి తెలుసుకున్నాము. అదే ఇప్పుడు మీతో పంచుకుంటున్నాము.

జనరేటరు పొగలో అనేక వాయువులుంటాయి. వాటిలో ప్రాణం తీసేది కార్బన్ మోనాక్సైడ్. పెట్రోలు, డీజిలు, కిరోసిను, వంటగ్యాసు, కట్టెలు, బొగ్గులు ఏవైనా సరే, పూర్తిగా మండకపోతే ఈ వాయువు పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. వంటగ్యాసు లీకైతే తెలియాలని కంపెనీవాళ్లు అందులో వాసన కలుపుతారు. దీనికి ఆ హెచ్చరిక కూడా లేదు. వంటగ్యాసు బరువు కాబట్టి నేలబారున పాకుతుంది. కార్బన్ మోనాక్సైడ్ బరువు ఇంచుమించు గాలి అంతే. అందుకని గదంతా సమంగా కలిసిపోతుంది. నేలమీద చాప వేసుకున్నవాడికీ, మంచం మీద పడుకున్నవాడికీ ఒకటే.

ఇది శరీరంలో చేసే పని ఏమిటి? మన నెత్తుటిలో హీమోగ్లోబిన్ అనే పదార్థం ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును ఎక్కించుకుని ఒళ్లంతా చేరవేస్తుంది. దాన్ని బస్సు అనుకోండి. ప్రాణవాయువు ప్రయాణికుడు. కార్బన్ మోనాక్సైడ్ టిక్కెట్టు లేకుండా ఎక్కి సీటు పట్టుకుని దిగకుండా కూర్చునే మొండివాడు. హీమోగ్లోబిన్‌ను పట్టుకోవడంలో దాని బలం ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైనే. కాబట్టి గాలిలో కొంచెం ఉన్నా చాలు, సీట్లన్నీ ఆక్రమిస్తుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, కానీ మెదడుకూ గుండెకూ ప్రాణవాయువు అందదు. ఈ సంగతి ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ 1850 దశకంలోనే కనిపెట్టాడు. బ్రిటన్ బొగ్గుగనుల్లో ఈ విషాన్ని పసిగట్టడానికి కానరీ పిట్టలను పంజరాల్లో పెట్టి లోపలికి తీసుకెళ్లేవారు. పిట్ట సొమ్మసిల్లితే మనుషులు బయటికి పరుగెత్తేవారు. ఆ పద్ధతి 1986 దాకా నడిచింది. బొగ్గుగనుల్లో పనిచేసిన బంధువులు మీలో ఎవరికైనా ఉంటే అడగండి, ఈ వాయువు పేరు వారికి బాగా తెలుసు.

ఆక్సీమీటరు మమ్మల్ని ఎందుకు మోసం చేసిందో కూడా చెప్పాలి, ఎందుకంటే 2020, 2021 తర్వాత ఇంటింటా అదొకటి ఉంది. ఆ పరికరం వేలిలోంచి వెలుగు పంపి నెత్తుటి రంగును బట్టి లెక్క కడుతుంది. ప్రాణవాయువు ఎక్కిన నెత్తురు ఎరుపు. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కినా ఎరుపే. మామూలు ఆక్సీమీటరు ఈ రెండింటికీ తేడా కనుక్కోలేదు. సీటు నిండింది అని చూస్తుందే తప్ప అందులో కూర్చున్నది ఎవరో చూడలేదు. మనిషి చచ్చిపోతున్నా అది 98 అంటుంది. పొగ అనుమానం ఉన్నచోట ఆక్సీమీటరు చూసి ధైర్యపడకండి. ఆసుపత్రిలో నెత్తురు తీసి ప్రత్యేకంగా పరీక్ష చేస్తేనే నిజం తెలుస్తుంది.

"వరండా కదా, కిటికీ తెరిచే ఉంది కదా" అని మాతో చాలామంది అన్నారు. ఒక చిన్న లెక్క చెప్తాము. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో గాలి సుమారు 34 ఘనపు మీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం ఘనపు మీటరు గాలిలో 100 మిల్లీగ్రాములకు మించి ఈ వాయువు ఉంటే 15 నిమిషాల కంటే ఎక్కువ పీల్చకూడదు. అంటే ఆ గది మొత్తానికీ 3.4 గ్రాములు. చిన్న పెట్రోలు జనరేటరు గంటకు వందల గ్రాములు వదులుతుంది. 300 గ్రాములే అనుకుందాం. నిమిషానికి 5 గ్రాములు! ఆ గదిలో పెడితే ఒక్క నిమిషంలో హద్దు దాటిపోతుంది. కిటికీ తెరవడం, ఫ్యాను వేయడం దీనికి మందు కాదు. నిండుతున్న తొట్టికి చెంచాతో నీళ్లు తోడినట్టే. డీజిలు ఇంజను పెట్రోలు ఇంజను కంటే ఈ వాయువు తక్కువ వదులుతుంది. అలాగని దాన్ని ఇంట్లో పెట్టుకోవచ్చని కాదు.

మరో భ్రమ "సైలెంట్ జనరేటరు" అన్న మాట. చుట్టూ పెట్టె కట్టి చప్పుడు తగ్గించారు, అంతే. శబ్దం తగ్గింది, విషం తగ్గలేదు. చప్పుడు లేదు కదా అని దాన్ని మరింత దగ్గర పెట్టుకుంటున్నాము. ఆ రకంగా చూస్తే పాత డబడబ జనరేటరే నయం, చెవులు పగిలి అయినా దూరం పెట్టేవాళ్లం.

ఇక మన కోకాపేట సంగతికి వద్దాం. పొలాలు, గుట్టలు ఉన్న ఊరు ఇది. 2023 ఆగస్టులో ఇక్కడి నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికి దేశమంతా పేరు మోగింది. ఆకాశాన్నంటే మేడలు లేచాయి. ఆ మేడల్లో పెద్ద డీజిలు జనరేటర్లకు ఇంజనీర్లున్నారు, నిబంధనలున్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం 100 కె.వి.ఎ. జనరేటరు పొగగొట్టం భవనం ఎత్తు కంటే 2 మీటర్లు పైకి ఉండాలి. ఆ మేడలు కట్టడానికి వచ్చినవారు రేకుల షెడ్లలో ఉంటారు. వారికి వంట చేసి పెట్టేవారు, టీ కొట్టు నడిపేవారు, కార్లు తోలేవారు, కాపలా కాసేవారు మనవాళ్లే. ఎకరం వంద కోట్లయినా ఊపిరికి కావలసింది అదే గాలి. ప్రమాదం ఉన్నది మన దగ్గరే.

ఎక్కడెక్కడ ఉందో చూడండి. వానొస్తే అపార్టుమెంటు సెల్లారులోకి నీళ్లు వస్తాయి, పెట్రోలు పంపుసెట్టు అక్కడే పెట్టి తోడతారు. సెల్లారు అంటే భూమిలో గది, గాలి కదలదు. షాపు షట్టరు సగం దించి లోపల జనరేటరు నడుపుతారు. మసీదులో తరావీహ్ నమాజు వేళ కరెంటు పోతుందని మెట్ల కిందో, వజూ ఖానా పక్కనో జనరేటరు పెడతారు. రాత్రి షిఫ్టుకు వచ్చిన క్యాబ్ డ్రైవరు తమ్ముళ్లు మూసిన సెల్లారులో ఇంజను ఆన్‌లో పెట్టి, ఏసీ వేసుకుని, అద్దాలెత్తి నిద్రపోతారు. చలికాలంలో రేకుల షెడ్డులో కుంపటి పెట్టుకుని తలుపు మూసుకుంటారు. దమ్ బిర్యానీ దేగు కింది నుంచి తీసిన బొగ్గులు మిగిలాయని చలికి గదిలోకి తెస్తారు. గాలి సందులేని స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెడతారు. ఊళ్లలో బావి తోడటానికి ఇంజను బావిలోకే దించుతారు. మొదట దిగినవాడు పడిపోతే వాడికోసం దిగిన రెండోవాడూ పడిపోతాడు. ఇవన్నీ ఒకే శత్రువు వేసుకున్న వేర్వేరు వేషాలు.

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాదులో కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. టోలీచౌకి నదీం కాలనీలో, పాతబస్తీలో ఎన్నో ఇళ్లు నీట మునిగాయి. అంతకుముందు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని చీకట్లో ముంచింది. అలాంటప్పుడే అనుభవం లేని చేతుల్లోకి జనరేటరు వస్తుంది. కింద నీళ్లుంటాయి కాబట్టి మేడ మీదికి, బాల్కనీలోకి ఎక్కిస్తారు. వరద నుంచి తప్పించుకున్నవారు పొగకు చిక్కుతారు.

ఇది చదువు లేనివారి జబ్బు అనుకోకండి. 2021 ఫిబ్రవరిలో అమెరికా టెక్సాస్ రాష్ట్రంలో మంచు తుపానుకు లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. డాలస్‌లో, హ్యూస్టన్‌లో మన తెలుగు పిల్లలు ఎందరున్నారో మీకు తెలుసు. ఆ కొద్ది రోజుల్లో చలి కాచుకోవడానికి గ్యారేజీలో కారు నడిపి, ఇంట్లో బొగ్గులు రగిల్చి, జనరేటరు పెట్టుకుని 1,400 మందికి పైగా ఈ విషంతో ఆసుపత్రుల పాలయ్యారు. కనీసం 11 మంది చనిపోయారు. ఆ దేశంలో పోర్టబుల్ జనరేటర్ల పొగకు ఏటా సుమారు 100 మంది బలవుతున్నారని వారి ప్రభుత్వ సంస్థే చెప్తోంది. మన రాష్ట్రాల్లోనూ ఇది కర్మాగారాల దాకా ఉంది. 2018 జూలైలో అనంతపురం జిల్లా తాడిపత్రి దగ్గర ఉక్కు కర్మాగారంలో ఇదే వాయువు లీకై ఆరుగురు చనిపోయారు. కర్మాగారంలో పోతే పేపర్లో వస్తుంది. షెడ్డులో పోతే "నిద్రలో గుండె ఆగింది" అని ఖననం చేసేస్తాము. కారణం మట్టిలో కలిసిపోతుంది.

ఇప్పుడు ఏం చేయాలో చెప్తాము. దయచేసి ఇంటికి వెళ్లాక పిల్లల చేత ఒక్కసారి చదివించుకోండి.

1. జనరేటరు ఎప్పుడూ ఆరుబయటే ఉండాలి. ఇంటికి కనీసం 20 అడుగుల దూరం. పొగ గొట్టం తలుపులకు, కిటికీలకు వ్యతిరేక దిక్కుగా తిరిగి ఉండాలి. మన ఇంటికే కాదు, పొరుగింటి కిటికీకి కూడా.

2. గది, వరండా, బాల్కనీ, మెట్ల కింద, సెల్లారు, సగం దించిన షట్టరు, నాలుగువైపులా గుడ్డ కట్టిన షామియానా ఇవేవీ ఆరుబయలు కావు.

3. వాన పడితే పైన రేకు వేయండి, పక్కలు మాత్రం తెరిచి ఉంచండి. టార్పాలిన్ చుట్టవద్దు.

4. ఇరుకు గల్లీలో 20 అడుగులు దొరకకపోతే వీధి చివర పెట్టి గట్టి కేబులు లాగండి. అదీ కుదరకపోతే జనరేటరు వద్దు. ఛార్జింగు లైట్లు, ఇన్వర్టరు చాలు. చీకట్లో తిన్న అన్నం అరుగుతుంది.

5. పెట్రోలు పోసేముందు ఇంజను ఆపి చల్లారనివ్వండి. ఇంటి ప్లగ్గులోకి జనరేటరు వైరు గుచ్చవద్దు, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఛేంజోవర్ స్విచ్చి తప్పనిసరి.

6. నిప్పున్న కుంపటితో, బొగ్గుతో మూసిన గదిలో నిద్రపోవద్దు. రాత్రి పడుకునే ముందు ఇంట్లో నిప్పు ఆర్పేయమని మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారు ఏనాడో బోధించారు. ఇమాం సాహెబ్ గారు ఈ సంగతి జుమా ప్రసంగంలో వివరిస్తామని మాట ఇచ్చారు.

7. కార్బన్ మోనాక్సైడ్ అలారం అని చిన్న పరికరం దొరుకుతుంది. జనరేటరు, గ్యాస్ గీజరు వాడే ఇళ్లలో పెట్టుకోవడం మంచిది. పొగ అలారం వేరు, ఇది వేరు. కొనేటప్పుడు పేరు చూసి కొనండి. అలారం ఉంది కదా అని జనరేటరు లోపల పెట్టకూడదు.

గుర్తులు కూడా తెలుసుకోండి. తలనొప్పి, తల తిరగడం, వికారం, వాంతి, కాళ్లలో సత్తువ లేకపోవడం, మత్తు, మాట తడబడటం. జ్వరం ఉండదు. ఒకే చోట ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వచ్చి, బయటికెళ్తే తగ్గితే అనుమానమే అక్కర్లేదు. గర్భిణులకు, పసిపిల్లలకు, ముసలివారికి, గుండెజబ్బు ఉన్నవారికి ముప్పు ఎక్కువ. కడుపులో బిడ్డ నెత్తురు ఈ విషాన్ని తల్లి నెత్తురు కంటే గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారికి ఏ గుర్తూ తెలియదు, అది మరీ ప్రమాదం.

అనుమానం వస్తే ముందు అందరూ బయటికి రండి. తలుపులు బార్లా తెరవండి. జనరేటరు బయటినుంచి ఆపగలిగితే ఆపండి. సెల్లారులో, బావిలో పడిపోయినవారి కోసం ఒంటరిగా దూకకండి. ఫైర్ వారిని పిలవండి. 108కి ఫోను చేసి, జనరేటరు నడిచిందని, బొగ్గు వెలిగిందని స్పష్టంగా చెప్పండి. ఆ ఒక్క మాటే డాక్టరుకు దారి చూపుతుంది. మామూలు గాలిలో ఈ విషం సగం దిగిపోవడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తే గంటన్నరలోపే సగం దిగుతుంది. తేరుకున్నాక కూడా కొందరికి కొన్ని వారాల తర్వాత మతిమరుపు, తడబాటు కనబడవచ్చు. కాబట్టి తిరిగి చూపించుకోవడం మానవద్దు. సోడాలు, నిమ్మరసాలు, విసనకర్రలు దీనికి వైద్యం కాదు. ఆ తప్పు మేము చేశాము, మీరు చేయవద్దు.

కొందరు పెద్దలు మాతో "అల్లాహ్ రాసింది జరుగుతుంది, దీనికింత హడావుడి ఎందుకు" అన్నారు. తవక్కుల్ మన ఈమాన్‌లో భాగం, కాదనడం లేదు. కానీ ఒంటెను కట్టేసి ఆ తర్వాత భారం వేయాలన్నది కూడా మనకు నేర్పిన పాఠమే. జనరేటరు దూరం పెట్టడమే ఒంటెను కట్టడం.

చివరిగా కార్యవర్గం తీసుకున్న నిర్ణయాలు. ఇకమీదట సంఘం జనరేటరు ఒక్కటే ఇంటికి పోదు. దానితో పాటు పెట్టే చోటు చూసి నడిపే మనిషి ఒకరు వస్తారు. చోటు సరిగా లేకపోతే ఎంత దగ్గరివారైనా ఇవ్వబడదు, ఎవరూ మనసు కష్టపెట్టుకోవద్దు. ఒక అలారం కొని జనరేటరు పెట్టెలోనే ఉంచాము, ఇంటివారు దాన్ని ఆడవాళ్ల గదిలో పెట్టుకోవాలి. ఇంకొకటి, ఖర్చు లేనిది. ఆ నానీ కోలుకున్నాక మేము క్షమాపణ అడగడానికి వెళ్తే ఆమె మమ్మల్ని తిట్టలేదు. "బేటా, మాకు అడుగులు, గజాలు గుర్తుండవు. దానికో తాడు కట్టండి" అన్నది. ఆమె చెప్పినట్టే మన జనరేటరు పిడికి 20 అడుగుల నైలాను తాడు కట్టాము. తాడు ఒక కొస జనరేటరుకు, రెండో కొస మీ గుమ్మానికి. తాడు బిగుసుకుని నిలవాలి. వదులుగా వేలాడితే జనరేటరు ఇంకా దగ్గరగా ఉందని అర్థం, వెనక్కి జరపండి.

ఈ తాడును ఎవరూ బట్టలు ఆరేసుకోవడానికి విప్పుకోవద్దని మనవి చేస్తూ, మనందరి ఇళ్లనూ, ఇళ్లలోని ఊపిరులనూ అల్లాహ్ కాపాడాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.

ఆమీన్. అస్సలాము అలైకుమ్.